ఆపరేషన్ తర్వాత కడుపులో చీము: మళ్లీ కోయకుండా ఎలా తీస్తారు?

ఆపరేషన్ అయిన ఏడో రోజు సాయంత్రం మా మేనమామకి చలిజ్వరం వచ్చింది. అపెండిక్స్ పగిలాక ఆసుపత్రికి చేరిన మనిషి. ఆపరేషన్ బాగానే అయింది. అయిదో రోజున ఇంటికి పంపారు, మల్కాజిగిరిలో ఇంటి మెట్లు తనంతట తనే ఎక్కాడు. రెండు రోజులు తిరక్కుండానే రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. మళ్లీ ఆటో, మళ్లీ అదే క్యాజువాలిటీ. స్కానింగ్ చూసిన సర్జన్ ‘లోపల చీము చేరింది, రేడియాలజీలో పైపు పెట్టిస్తాం’ అన్నారు.

అత్తమ్మ నోట వచ్చిన మొదటి మాట: ‘నేను ముందే చెప్పిన గదా, పప్పు పెట్టొద్దని. ఇన్నరా ఎవరన్న?’

పప్పన్నం కలిపి పెట్టింది నేను. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ తర్వాత పదిహేను రోజులు ఆసుపత్రి బెంచీల మీద కూర్చుని అడిగినవీ, చూసినవీ, ఇంటికొచ్చి చదివినవీ ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్లలో ఆపరేషన్ అయిన మనిషికి మళ్లీ జ్వరం వస్తే రెండే అనుమానాలు. ఒకటి పథ్యం చెడిందని, రెండోది డాక్టరు సరిగ్గా చేయలేదని. ఈ రెండింటి మధ్య పడి అసలు జరిగేదేమిటో ఎవరూ అడగరు.

పప్పు సంగతి ముందే తేల్చేద్దాం. చీము తిండి నుంచి రాదు. బ్యాక్టీరియాతో పోరాడి చచ్చిన తెల్లరక్తకణాలు, చచ్చినవీ బతికున్నవీ కలిసిన బ్యాక్టీరియా, కరిగిపోయిన కణజాలం, వాటి మధ్య ఊరిన ద్రవం, ఇదీ చీమంటే. పప్పు, వంకాయ, గోంగూర తింటే కోత చీము పడుతుందన్నది మన దగ్గర తరతరాల నమ్మకం. కానీ కోత మానడానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి, చాలా ఇళ్లలో అవి దొరికేది పప్పులోనే. పప్పు మాన్పించి చారన్నంతో సరిపెడితే మానాల్సిన పుండు మరింత ఆలస్యంగా మానుతుంది. పేగుకి కుట్లు పడ్డప్పుడు ఏది ఎప్పటి నుంచి తినాలో సర్జన్ చెప్తారు, అది తప్పకుండా పాటించాలి. అయితే ఆ లెక్క పేగు కదలికను బట్టి ఉంటుంది, చీముతో దానికి సంబంధం లేదు.

మరి చీము ఎక్కడి నుంచి వచ్చింది? అపెండిక్స్ పగిలినప్పుడు పేగులోని మురికి కడుపు లోపలి ఖాళీలోకి చిమ్ముతుంది. సర్జన్ ఎంత పీల్చి తీసినా కంటికి కనపడని బ్యాక్టీరియా కొంత మిగిలే ఉంటుంది. 1970లలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ఇక్కడొక ఆసక్తికరమైన సంగతి బయటపెట్టాయి. మొదటి రోజుల్లో ఈ-కోలై లాంటి బ్యాక్టీరియా వేగంగా పెరిగి ప్రాణం మీదికి తెస్తుంది. ఆ గండం గడిచిన ఎలుకల్లో కొన్నాళ్లకి చీముగడ్డలు కనిపించాయి. అక్కడ రాజ్యమేలింది గాలి అక్కర్లేని మరో రకం, బ్యాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్. అంటే ఒకే మురికిలో ముందు దెబ్బ కొట్టేవి కొన్ని, వెనక మాటు వేసేవి కొన్ని. ‘అంతా బాగుంది’ అనుకున్నాక, సాధారణంగా అయిదో రోజుకీ పదో రోజుకీ మధ్య, జ్వరం తిరగబెట్టడం వెనక ఉన్నది ఇదే.

శరీరం చేతులు కట్టుకుని కూర్చోదు. పేగుల ముందు పరదాలా వేలాడే ఓమెంటమ్ అనే కొవ్వు పొర మురికి ఉన్న చోటికి వెళ్లి అతుక్కుంటుంది. పక్కనున్న పేగులు కూడా అంటుకుపోయి చుట్టూ గోడ కడతాయి. ఆ గోడ వల్లనే ఇన్ఫెక్షన్ కడుపంతా పాకకుండా ఒకచోట ఆగుతుంది. మనల్ని కాపాడేది అదే, మందును అడ్డుకునేది కూడా అదే. చీము మధ్యలో రక్తనాళాలు ఉండవు. సెలైన్‌లో ఎక్కించిన యాంటీబయాటిక్ రక్తంతో పాటు గోడ దాకా వస్తుంది, లోపలికి చాలినంత చేరదు. చేరిన కొద్దిపాటి మందు కూడా ఆక్సిజన్ లేని ఆ పుల్లటి ద్రవంలో సరిగ్గా పనిచేయదు. అందుకే మూడు సెంటీమీటర్ల లోపు ఉన్న చిన్న గడ్డలు మందులతోనే కరిగే అవకాశం ఉన్నా, అంతకు మించితే చీముకి బయటికి దారి చూపాల్సిందే. సెగ్గడ్డ వచ్చినప్పుడు మన పెద్దవాళ్లు చెప్పేది ఇదే కదా: పండాలి, పగలాలి, చీము పోవాలి, అప్పుడే సలుపు తగ్గుతుంది. తొడ మీది సెగ్గడ్డకి చర్మం దగ్గర్లో ఉంటుంది. కడుపు లోపలి గడ్డకి ఆ వీలు లేదు.

పైగా ఆపరేషన్ జరిగిన చోటే చీము చేరాలని లేదు. మనిషి వెల్లకిలా పడుకుని ఉంటాడు కాబట్టి లోపలి ద్రవం పల్లానికి జారుతుంది. కాలేయానికీ కుడి మూత్రపిండానికీ మధ్య ఒక సందు ఉంది, కటి భాగంలో ఆడవాళ్లకి గర్భాశయం వెనక, మగవాళ్లకి మూత్రాశయం వెనక ఒక లోతు ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా, ఛాతీకీ కడుపుకీ మధ్య తెరలా ఉండే డయాఫ్రమ్ అనే కండరం కదలికకి కొంత ద్రవం పైకి లాగబడి దాని కిందా చేరుతుంది. ఒక్కో చోటుది ఒక్కో లక్షణం. డయాఫ్రమ్ కింద చేరితే ఆగని ఎక్కిళ్లు, భుజం నొప్పి, ఒక్కోసారి ఊపిరితిత్తి చుట్టూ నీరు. కటిలో చేరితే జిగటగా మాటిమాటికీ విరేచనం, మూత్రం ఆపుకోలేకపోవడం. మా మామకి జ్వరానికి ముందు రోజంతా విరేచనాలు. బయటి తిండి పడలేదనుకుని ఓఆర్ఎస్ తాగించాం. ఆపరేషన్ అయిన వారం పది రోజుల్లో ఇలాంటివి కనిపిస్తే ఇంట్లో మందులేసుకోకుండా సర్జన్‌కి చెప్పాలని ఆ రోజు మాకు తట్టలేదు.

‘అయితే రెండో రోజే స్కాన్ తీస్తే తెలిసేది కదా?’ అని నేనూ అడిగాను, కాస్త కోపంగానే. సర్జన్ ఓపిగ్గా చెప్పారు. ఆపరేషన్ అయిన మొదటి మూడు నాలుగు రోజులు కడుపులో కొంత ద్రవం, కొంత గాలి మామూలుగానే ఉంటాయి. అది కడిగిన నీరో, ఊరుతున్న చీమో స్కాన్‌లో విడదీసి చెప్పడం కష్టం. గోడ కట్టుకున్నాకే సీటీ స్కాన్‌లో, లోపలివి స్పష్టంగా కనపడటానికి నరానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందుకి గడ్డ అంచు ఉంగరంలా మెరుస్తుంది, ఒక్కోసారి లోపల గాలి బుడగలు కనిపిస్తాయి. పేగు పగిలిన కేసుల్లో ఎంత జాగ్రత్తగా చేసినా చీము చేరే ముప్పు మిగతా ఆపరేషన్ల కంటే బాగా ఎక్కువని కూడా అప్పుడే తెలిసింది. అలాగని ప్రతి చీముగడ్డా విధి రాత కాదు. పేగు కుట్టు లీకైనా, అరుదుగా లోపల గాజుగుడ్డ మిగిలిపోయినా, ల్యాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్‌లో, పిత్తాశయం తీసేటప్పుడు రాయి జారిపోయినా చీము పడుతుంది. కాబట్టి కారణం ఏమిటని అడగడం మన హక్కు. చికిత్స కూడా దాన్ని బట్టే మారుతుంది. లోపల రాయో గుడ్డో ఉంటే ఎంత చీము లాగినా అది తీసేదాకా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

ఒకప్పుడైతే ఈ చీముకి మందు మళ్లీ కత్తే. 1938లో అమెరికాలో ఆక్స్‌నర్, డిబేకీ అనే ఇద్దరు సర్జన్లు డయాఫ్రమ్ కింద చీము చేరిన 3,600కి పైగా కేసులను పోగేసి పరిశీలించారు. చీము బయటికి తీయని వాళ్లలో మరణాలు చాలా ఎక్కువని అందులో తేలింది. కానీ అప్పటి సర్జన్‌కి స్కాన్ లేదు, చీము ఎక్కడుందో వేళ్లతో వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో గోడ చిట్లి చీము మిగతా కడుపులోకి పాకే ప్రమాదం, మళ్లీ మత్తు, మళ్లీ పెద్ద కోత. అసలే జ్వరంతో డీలా పడ్డ మనిషికి అది రెండో దెబ్బ.

మార్పు రెండు వైపుల నుంచి వచ్చింది. 1953లో స్వీడన్ రేడియాలజిస్టు సెల్డింగర్ రక్తనాళంలోకి గొట్టం పంపడానికి ఒక తేలికైన పద్ధతి కనిపెట్టాడు: ముందు సూది, సూదిలోంచి సన్నటి తీగ, సూది తీసేసి ఆ తీగ మీదుగా గొట్టం. 1971లో సీటీ స్కాన్‌తో తొలిసారి ఒక రోగి మెదడును చూశారు, కొన్నేళ్లకే అది కడుపుకీ వచ్చింది. స్కాన్ చోటు చూపిస్తుంది, తీగ దారి చూపిస్తుంది. ఈ రెండూ కలిపి కడుపులోని చీముని చర్మం మీది చిన్న రంధ్రంలోంచి తీసిన అయిదేళ్ల అనుభవాన్ని 1981లో బోస్టన్‌కి చెందిన గెర్జాఫ్ బృందం ప్రచురించింది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి చూసింది లేదు. ఒకే గదిగా, పల్చటి చీముతో, దారి సాఫీగా ఉన్న గడ్డల్లో పదింట ఎనిమిది తొమ్మిది ఈ పైపుతోనే నయమవుతాయి.

ఇక్కడ మన ఊరి ముచ్చట ఒకటి గుర్తొస్తుంది. ఆపరేషన్‌లో మత్తుకి వాడే క్లోరోఫామ్ ఎంత క్షేమమో తేల్చడానికి 1888లో, 1889లో ప్రయోగాలు చేసి ప్రపంచ వైద్యుల్ని వాదనలోకి దింపింది హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ దాని వెనక ఉన్నాడు. మనిషిని పూర్తిగా మత్తులో ముంచడం ఎలాగని అప్పుడు అంత తర్జనభర్జన జరిగింది. అదే ఊళ్లో ఇప్పుడు మా మామ మెలకువగా ఉండి, ‘అయిపోయిందా సార్?’ అని అడుగుతుండగానే ఆయన కడుపులోంచి చీము తీశారు.

అది నేను దగ్గరుండి చూశాను. మామ భయపడుతున్నాడని చేయి పట్టుకోవడానికి నన్ను అల్ట్రాసౌండ్ గదిలోకి రానిచ్చారు. అంతకు ముందే రక్తం గడ్డకట్టే పరీక్షలు చూశారు, ప్లేట్‌లెట్లు లెక్కపెట్టారు, గుండెకి బిళ్లలేమైనా వాడుతున్నాడా అని రెండుసార్లు అడిగారు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు అడక్కపోయినా ఈ సంగతి చెప్పాలి. పొట్ట కుడివైపు కింద శుభ్రం చేసి, ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. తెర మీద బూడిద రంగు పొరల మధ్య నల్లటి మడుగు, అందులో తేలుతున్న తెల్లటి నలకలు. ‘ఊపిరి ఆపు పెద్దాయనా’ అన్నారు రేడియాలజిస్టు. తెర మీద సన్నటి తెల్లగీత నెమ్మదిగా దిగి ఆ మడుగులోకి వెళ్లింది. ‘ఇగ వదులు.’ సూదిలోంచి తీగ, తీగ మీద రంధ్రం కాస్త వెడల్పు చేసే గట్టి గొట్టం, చివరికి పైపు. పైపుకి సిరంజి పెట్టి లాగితే మజ్జిగలో పసుపు కలిపినట్టున్న చిక్కటి ద్రవం. ఆ వాసన చెప్పడం కష్టం, గదిలో ఉన్న అందరం ఒక్క క్షణం మొహం పక్కకి తిప్పుకున్నాం. లాగుతూనే ఉన్నారు, ఓ స్టీలు గ్లాసు నిండేంత వచ్చింది. మొదటి సిరంజిలోది కల్చర్ పరీక్షకి వెళ్లింది. ఏ బ్యాక్టీరియా, ఏ మందుకి లొంగుతుందో దాంట్లో తెలుస్తుంది. మామూలు మందులకి లొంగని బ్యాక్టీరియా మన దగ్గర విపరీతంగా పెరిగిపోయిన ఈ రోజుల్లో, గుడ్డిగా మందులు మార్చుకుంటూ పోయే కంటే ఆ సిరంజి ఎన్నో రెట్లు మేలు.

ఆ పైపు చివర పందితోకలా చుట్ట తిరిగి ఉంటుంది, అందుకే పిగ్‌టెయిల్ అంటారు. లోపలికి వెళ్లాక ఒక దారం లాగి బిగిస్తే చుట్ట అలాగే నిలబడుతుంది, చుట్ట మీది రంధ్రాల్లోంచి చీము లోపలికి వస్తుంది. పైపు మీద రాసిన నంబరుని మూడుతో భాగిస్తే దాని మందం మిల్లీమీటర్లలో వస్తుంది. మామకి పెట్టింది 12వ నంబరు, అంటే నాలుగు మిల్లీమీటర్లు, కూల్‌డ్రింక్ స్ట్రా కన్నా సన్నం. చీము చిక్కగా ఉంటే ఇంకాస్త లావుది కావాలి.

కష్టమైన భాగం పైపు గుచ్చడం కాదు, దారి ఎంచుకోవడం. పేగుకి గానీ పెద్ద రక్తనాళానికి గానీ ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరకి గానీ తగలకుండా వెళ్లాలి. పేగుల్లో గాలి ఉంటే అల్ట్రాసౌండ్‌కి అవతల ఏముందో కనిపించదు, అప్పుడు సీటీ కింద చేస్తారు. కటి లోతుల్లో ఉన్న గడ్డకి మనిషిని బోర్లా పడుకోబెట్టి, పిరుదులోంచి, తుంటి నరానికి దూరంగా వెనక ఎముక పక్కనుంచి వెళ్తారు. మలద్వారం గుండానో యోని గుండానో వెళ్లే పద్ధతులూ ఉన్నాయి. జీర్ణాశయానికి ఆనుకున్న గడ్డలని, ముఖ్యంగా క్లోమం దగ్గరివి, నోటి ద్వారా ఎండోస్కోపీతో జీర్ణాశయం లోపలికే తెరిచి, ఆ దారి మూసుకుపోకుండా స్టెంట్ అనే చిన్న గొట్టం వేస్తారు. గచ్చిబౌలి ఏఐజీ ఆసుపత్రి లాంటి చోట్ల వల్ల ఎండోస్కోపీకి హైదరాబాద్ పేరు ఎంత దూరం పోయిందో తెలిసిందే.

అందరికీ పైపు సరిపోదు, ఇది దాచకూడదు. చీము ఒకచోట ఆగకుండా కడుపంతా పాకి పొట్ట బల్లలా బిగుసుకుపోతే, పేగు కుట్టు పెద్దగా ఊడిపోతే, చచ్చిన కణజాలం గడ్డలుగా ఉంటే, పేగుల మధ్య సందుసందునా చిన్న చిన్న గడ్డలుంటే ల్యాప్రోస్కోపీయో పెద్ద ఆపరేషనో తప్పదు. పైపు పెట్టిన 48 నుంచి 72 గంటల్లో జ్వరం దిగకపోతే మళ్లీ స్కాన్ చేసి, పైపు మార్చడమో రెండోది పెట్టడమో చేస్తారు. లోపల అరలు అరలుగా ఉంటే వాటిని కరిగించే మందు పైపులోంచే పంపిస్తారు. అయినా లొంగకపోతే అప్పుడు కోత. పైపు పెట్టాక కూడా ఆపరేషన్ అయిందంటే ముందు చేసింది వృథా అనుకోవద్దు. ఆ రెండు మూడు రోజుల్లో కొంత చీము పోయి మనిషి తేరుకుంటే ఆపరేషన్‌ని తట్టుకునే శక్తి వస్తుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది మాత్రం ఆ గది బయటికి వచ్చాక మొదలయ్యే పని. పైపు పెట్టడానికి పట్టింది అరగంట, అది కడుపులో ఉన్నది పన్నెండు రోజులు. ‘పైపు పెట్టేశారు, ఇక భయం లేదు’ అనుకుని మేం ఊపిరి పీల్చుకున్నాం. మూడో రోజు పొద్దున బ్యాగు ఖాళీగా ఉంటే సంతోషించాం కూడా. నర్సు వచ్చి చూస్తే నడుం కింద పైపు మడత పడి ఉంది. అది సరిచేసి, పది మిల్లీలీటర్ల సెలైన్ నెమ్మదిగా పంపి కడిగితే మళ్లీ వచ్చింది. అప్పటి నుంచి అత్తమ్మ ఒక నోటుపుస్తకం పెట్టింది. రోజుకి మూడుసార్లు కడుగుతారు, అంటే మనం లోపలికి పంపిందే 30. బ్యాగులో 70 ఉంటే అసలు చీము 40. ఈ తీసివేత చేయకపోతే చీము తగ్గుతున్నా తగ్గనట్టే కనిపిస్తుంది. ఏడో తరగతి దాకా చదివిన అత్తమ్మ రాసిన ఆ లెక్క చూసి రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు కేస్ షీట్‌లోని అంకె దిద్దుకున్నారు.

ఇంటికి పంపినా పని ఇదే. కడగమని డాక్టరు చెప్తేనే, నర్సు నేర్పినట్టే కడగాలి, బలంగా తోయకూడదు. తోస్తే చీములోని బ్యాక్టీరియా రక్తంలోకి ఎగబడి వణుకు జ్వరం వస్తుంది. బ్యాగు నడుం కన్నా కింద ఉండాలి, కానీ వేలాడుతూ పైపుని లాగకూడదు. మామ లుంగీ అంచుకి పిన్నీసుతో పెట్టుకున్నాడు. ఆసుపత్రికి ఆటోలో వెళ్లేటప్పుడు స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నేను పైపు మీద చెయ్యి వేసి పట్టుకునేవాణ్ణి. వచ్చే ద్రవం రంగు మారితే ఆలస్యం చేయకూడదు. ఆకుపచ్చగా వస్తే పిత్తరసం కావచ్చు, మలం రంగు, వాసన వస్తే పేగుకి రంధ్రం ఉండొచ్చు, ఎర్రటి రక్తం వస్తే ఆ నిమిషమే క్యాజువాలిటీ. పేగుతో సంబంధం ఉన్న గడ్డకి పైపు వారాల తరబడి ఉంచాల్సి రావచ్చు. పైపు జారి బయటికి వస్తే మనం లోపలికి తోయకూడదు.

యాంటీబయాటిక్‌ల గురించి ఒక మాట. ఎన్ని రోజులు ఎక్కిస్తే అంత మంచిదనుకుంటాం. 2015లో అమెరికా, కెనడాల్లో 518 మంది మీద జరిగిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. చీముకి మూలం సరిగ్గా తొలగించాక నాలుగు రోజుల పాటు మందిచ్చిన వాళ్లకీ, లక్షణాలు పోయాక ఇంకో రెండు రోజుల దాకా, అంటే దాదాపు ఎనిమిది రోజులు ఇచ్చిన వాళ్లకీ ఫలితంలో తేడా లేదు. ‘ఖరీదైన ఇంజెక్షన్ ఎందుకాపారు, డబ్బులు లేవనా?’ అని మా బంధువొకాయన డాక్టరుతో గొడవపడబోయాడు. ఆపింది డబ్బు కోసం కాదు, చీముకి దారి దొరికింది కాబట్టి. అయితే ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, మనంతట మనం ఆపేది కాదు.

ఖర్చు విషయానికొస్తే, చిన్న నర్సింగ్ హోముల్లో, స్కాన్ చూస్తూ ఇలాంటి పైపులు పెట్టే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు ఉండకపోవచ్చు. అలాంటి చోట ‘మళ్లీ ఓపెన్ చేయాలి’ అంటే, మనిషి పరిస్థితి నిలకడగా ఉన్నప్పుడు, ‘స్కాన్ చూస్తూ పైపు పెట్టడం కుదరదా సార్?’ అని అడగడంలో తప్పు లేదు. ఆ వసతి ఉన్న పెద్దాసుపత్రికి రాసిమ్మని కోరొచ్చు. ఆరోగ్యశ్రీ మీద చేరిన వాళ్లు కౌంటర్‌లో ఉండే ఆరోగ్యమిత్రని ముందే కలిసి, మొదటి ఆపరేషన్ ప్యాకేజీలో ఇది వస్తుందా, వేరే అనుమతి కావాలా అని అడిగి రాయించుకోవాలి.

నోటుపుస్తకంలో 40 తర్వాత 25, ఆ తర్వాత 15, తర్వాత రెండు రోజులు పదికి లోపు. జ్వరం లేదు, తెల్లకణాల లెక్క మామూలైంది, స్కాన్‌లో మడుగు ఉన్నచోట సన్నటి గీత మాత్రమే కనిపించింది. పన్నెండో రోజు పైపు తీశారు. బయట దారం కత్తిరించగానే లోపలి చుట్ట వదులైంది, మామ ఒక్కసారి పళ్లు బిగించేలోపే పైపు చేతికొచ్చింది. బియ్యపుగింజంత రంధ్రం మీద గాజుగుడ్డ పెట్టి ప్లాస్టర్ వేశారు, కుట్టు కూడా పడలేదు. ఇంకో రెండు వారాలు పొద్దునా సాయంత్రం జ్వరం చూసి రాసిపెట్టమన్నారు. అత్తమ్మ అదే నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, తేదీ వేసి, కింద రెండు గీతలు గీసింది.